తెల్ల ఫిల్లింగ్ అంచు ఏళ్ల తరబడి నిలవాలంటే: బాండింగ్‌లో తడి లెక్క

కింది దవడ పన్నుకు పక్కవైపు పెట్టిన తెల్ల ఫిల్లింగ్. మూడు నాలుగేళ్ల తర్వాత చూస్తే నమిలే భాగం చెక్కుచెదరదు, రంగు మారదు, పక్క పన్నుతో కాంటాక్ట్ గట్టిగానే ఉంటుంది. చిగురు వైపు అంచు మీద ఎక్స్‌ప్లోరర్ (పన్ను తడిమి చూసే సూది పరికరం) మొన పెట్టి లాగితే మాత్రం ఒకచోట చిక్కుకుంటుంది. అక్కడ సన్నని గోధుమరంగు గీత. బైట్‌వింగ్ ఎక్స్‌రే తీస్తే ఆ గీత వెనక నీడ. ఫిల్లింగ్ ఊడలేదు, విరగలేదు, అయినా పోయినట్టే. అప్పుడు అందరికీ మొదట అనుమానం వచ్చేది కాంపోజిట్ (తెల్ల ఫిల్లింగ్ పదార్థం) మీద, కంపెనీ మారుద్దామన్న ఆలోచన వస్తుంది. తప్పు చాలాసార్లు కాంపోజిట్‌ది కాదు. దాని కింద బాండింగ్ (ఫిల్లింగ్‌ను పన్నుకు అతికించే ద్రవం) పూసిన ఆ ఒక్క నిమిషంలో తడి ఎక్కడ మిగిలింది, ఎక్కడ మరీ ఆరింది అన్నదే అసలు సంగతి.

బెంగళూరులో సొంత క్లినిక్ పెట్టుకున్న, లేదా హౌస్ సర్జన్సీ ముగించి ఏదో ఒక క్లినిక్‌లో కుదురుకున్న తెలుగు డెంటిస్టుల కోసం ఇది. సాయంత్రం ఏడు దాటాక బయట నలుగురు కూర్చుని ఉన్నప్పుడు కూడా చేయగలిగిన పద్ధతే చెబుతున్నాం.

ఎనామిల్ సులువు, డెంటిన్ పేచీ

పన్ను పై గట్టి పొర ఎనామిల్, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. యాసిడ్ పెడితే గరుకుదేరుతుంది (దీన్నే ఎచ్ చేయడం అంటాం), బాండింగ్‌లోని రెసిన్ అందులోకి దిగి గట్టిపడుతుంది, కథ అయిపోయింది. 1955లో మైకేల్ బ్యూనోకోర్ ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎనామిల్‌ను గరుకు చేసి చూపించిన సూత్రమే నేటికీ నడుస్తోంది. ఆయన వాడింది 85 శాతం యాసిడ్, ఇప్పుడు మనం వాడేది 35 నుంచి 37 శాతం.

దాని కింది పొర డెంటిన్‌లో ఖనిజం దాదాపు 70 శాతమే. మిగతాదంతా కొల్లాజెన్, నీరు. పన్ను మధ్యలోని మెత్తని పల్ప్ దగ్గరికి వెళ్లేకొద్దీ డెంటిన్‌లోని సన్నని గొట్టాలు పెరుగుతాయి, వాటితోపాటే లోపలి నుంచి తేమా పెరుగుతుంది. యాసిడ్ ఖనిజాన్ని తీసేశాక కొల్లాజెన్ పోగులు నీళ్లలో తేలుతున్న జల్లెడలా మిగులుతాయి. ఆ జల్లెడలోకి రెసిన్ దిగి, పోగుల చుట్టూ గట్టిపడితే ఏర్పడేదే హైబ్రిడ్ పొర. 1982లో నకబయాషి బృందం దాన్ని వివరించింది. చిక్కల్లా యాసిడ్ వెళ్లినంత లోతుకు రెసిన్ వెళ్లకపోవడం. అడుగున కొంత కొల్లాజెన్ ఒట్టిగా, నీటిలో మిగిలిపోతుంది. డెంటిన్‌లోనే నిద్రపోతున్న ఎంఎంపీలు, కాథెప్సిన్లు అనే ఎంజైములను యాసిడ్ లేపుతుంది. అవి ఆ ఒట్టి పోగులను నెమ్మదిగా కొరుక్కు తింటాయి. పైనుంచి బాండింగ్‌లోని హీమా లాంటి నీటిని ఇష్టపడే మోనోమర్లు (రెసిన్‌గా మారే చిన్న అణువులు) ఉబ్బి, నీటితోనే విడిపోతాయి. రెండువైపులా నీరే. పెట్టిన రోజు బ్రహ్మాండంగా ఉన్న పట్టు కొన్నాళ్లకు సడలేది అందుకే.

కాబట్టి చేయాల్సింది మూడు పనులు: ఎనామిల్ అంచును చుట్టూ తాళం వేసినట్టు బిగించడం, డెంటిన్‌లో ఒట్టి కొల్లాజెన్ మిగలకుండా చూడడం, బాండింగ్ పొరలో నీరు, ద్రావకం మిగలకుండా తరమడం. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ మూడింట్లో ఏదో ఒకదాని కోసమే.

సీసా తెరవకముందు

ఎయిర్ లైన్‌తో మొదలుపెట్టండి. గాలి, నీరు ఊదే త్రీ-వే సిరంజిలో గాలి బటన్ ఒక్కటే నొక్కి, శుభ్రమైన అద్దం మీదికి పది సెకన్లు ఊదండి. అద్దం మీద ఆవిరి మచ్చలు గానీ, జిడ్డు తెరలాంటిది గానీ కనిపిస్తే ఆ గాలితో మీరు బాండింగ్‌ను ఆరబెట్టడం లేదు, తడుపుతున్నారు. కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పి రోజూ నీరు వదలాలి. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబరు దాకా వానలప్పుడు ఆ ట్యాంకులో చేరే నీరు చూస్తే ఆశ్చర్యపోతారు. ఖరీదైన బాండింగ్ సీసా కొని ఈ కుళాయిని మరచిపోయే క్లినిక్‌లకు లోటు లేదు.

బాండింగ్‌ను ఫ్రిజ్‌లో దాచమని లేబుల్ చెబితే దాచండి. వాడే ముందు బయట పెట్టి గది వేడికి రానివ్వండి. చల్లని సీసా మూత తీస్తే గాలిలోని తేమ లోపల చేరుతుంది, చల్లటి ద్రవం చిక్కగా ఉండి సరిగా పాకదు. చుక్కను పూయడానికి సిద్ధమయ్యాకే డాపెన్ డిష్ అనే చిన్న గిన్నెలో వేయండి, వెంటనే మూత బిగించండి. అసిటోన్ ద్రావకం ఉన్న సీసా అయితే మరీ జాగ్రత్త. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, ఎథనాల్ 78కి. అసిటోన్ చుక్క డిష్‌లో నిమిషం కూర్చుంటే అందులో ఉండాల్సిన పాళ్లు మారిపోతాయి. రోజంతా మూత వదులుగా ఉన్న సీసా ఎక్స్‌పైరీ తేదీకి ముందే చచ్చిపోతుంది.

రబ్బర్ డ్యామ్ (పన్నును ఉమ్మి నుంచి వేరుచేసే రబ్బరు తెర) విషయంలో బేరాలు వద్దు. పేషెంట్ వదిలే ఊపిరిలో తేమ నూటికి నూరు శాతం దగ్గర ఉంటుంది. దూది చుట్టలు ఉమ్మిని ఆపుతాయేమో గానీ ఊపిరిని ఆపవు. ఒక్క పన్నుకు కాకుండా వెనక పన్నుకు క్లాంప్ వేసి, ముందుకు మూడు నాలుగు పళ్లు బయటికి తీస్తే పని సుఖంగా సాగుతుంది. డ్యామ్ ససేమిరా పడని చోట, అంటే అంచు చిగురు కిందికి బాగా దిగిపోయిన చోట, ఒట్టి కాంపోజిట్ జోలికి పోకపోవడమే మేలు. రెసిన్ కలిసిన గ్లాస్ అయనోమర్ అనే ఫిల్లింగ్ సిమెంట్‌ను అడుగున పెట్టి, ఎనామిల్ దొరికే ఎత్తు నుంచి కాంపోజిట్ వేసే సాండ్‌విచ్ పద్ధతి నమ్మకమైనది. అది చేతగానితనం కాదు.

మాట్రిక్స్ బ్యాండ్ (పన్ను చుట్టూ బిగించే పల్చని పట్టీ), వెడ్జ్ (పళ్ల మధ్య దూర్చే చీల) కూడా బాండింగ్‌కు ముందే బిగించండి. వెడ్జ్ చిగురును నొక్కి రక్తాన్ని ఆపుతుంది. రక్తం ఆపడానికి అల్యూమినియం క్లోరైడ్ వాడాల్సివస్తే పని కాగానే బాగా కడగాలి. ఫెర్రిక్ సల్ఫేట్ అయితే అంచున నల్ల మరక వదులుతుంది, పట్టునూ పాడుచేస్తుంది. తెల్ల ఫిల్లింగ్‌కు అది పనికిరాదు.

పుచ్చు ఎంత తీయాలి

ఎనామిల్, డెంటిన్ కలిసే చుట్టు అంచున 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల మేర గట్టి పన్ను తేలేదాకా శుభ్రం చేయండి. ఆ ఉంగరమే లోపలికి ఏదీ చొరకుండా మూసే సీల్. మధ్యలో పల్ప్ పక్కన తోలులా ఉన్న డెంటిన్‌ను వదిలేయవచ్చు. అక్కడ పట్టు తక్కువే, కానీ బయటి ఉంగరం గట్టిగా ఉంటే నెట్టుకొస్తుంది. పల్ప్‌కు బాగా దగ్గరైన చోట కాల్షియం సిలికేట్ పెట్టాలనిపిస్తే ఆవగింజంతే పెట్టండి. లైనర్ పరిచినంత మేర బాండింగ్‌కు చోటు పోతుంది.

చివరి తుడుపు ఫైన్ డైమండ్‌తో చేయండి. ముతక బర్ వదిలే స్మియర్ పొర (గీసినప్పుడు పన్ను మీద పేరుకునే పొడి పూత) మందంగా ఉంటుంది, మెత్తని యాసిడ్ తనలోనే ఉన్న సెల్ఫ్-ఎచ్ బాండింగ్ దాన్ని దాటలేదు. చిగురు వైపు అంచున ఆధారం లేని ఎనామిల్ పెళుసు పలుకులు ఉంటే చేతి పరికరంతో రాల్చేయండి. అక్కడ పెళుసు మిగిలితే మొదటి ఏడాదే తెల్ల గీత వస్తుంది.

ఇంతకుముందు యూజినాల్ ఉన్న తాత్కాలిక సిమెంట్ పెట్టి ఉంటే పైపొర డెంటిన్‌ను బర్‌తో పల్చగా గీసి కొత్త ఉపరితలం తెరవండి. రూట్ కెనాల్ చేసిన పన్ను అయితే కెనాల్ కడిగే హైపోక్లోరైట్ విడిచిన ఆక్సిజన్ బాండింగ్‌ను గట్టిపడనివ్వదు, అక్కడా అదే మందు. పళ్లు తెల్లబరచుకున్న పేషెంట్ అయితే కనీసం రెండు వారాలు ఆగమనండి.

పూసే పద్ధతి

ఒక్కరే పనిచేసే క్లినిక్‌కు మా సిఫారసు: ఎనామిల్‌కు మాత్రమే ఫాస్ఫారిక్ యాసిడ్, డెంటిన్‌కు 10-ఎండీపీ అనే మోనోమర్ ఉన్న మెత్తని సెల్ఫ్-ఎచ్ లేదా యూనివర్సల్ (ఎచ్ చేసినా, చేయకపోయినా వాడగల) బాండింగ్. ఎండీపీ అణువు డెంటిన్‌లోని కాల్షియంతో ఉప్పు కట్టి పొరలు పొరలుగా పేరుకుంటుంది, నీటికి అంత తేలిగ్గా లొంగదు. కొల్లాజెన్‌ను పూర్తిగా ఒట్టి చేయదు కాబట్టి మనం ముందు చెప్పుకున్న అడుగు పొర సమస్య కూడా తక్కువ.

1. ఎచెంట్ జెల్‌ను (ఆ ఫాస్ఫారిక్ యాసిడ్‌ను) సన్నని సూదితో ఎనామిల్ అంచు వెంట గీతలా వేయండి. 15 నుంచి 30 సెకన్లు. డెంటిన్ మీదికి కొంచెం జారినా కంగారు వద్దు, కానీ అక్కడ 15 సెకన్లు దాటనివ్వకండి.
2. పెట్టినంత సేపు కడగండి. జెల్‌ను చిక్కగా ఉంచే సిలికా మిగిలితే అదే అడ్డు గోడ అవుతుంది.
3. గాలి తగలనిచ్చి ఎనామిల్ సుద్దలా మారిందో లేదో చూడండి. డెంటిన్ మాత్రం ఎండిపోకుండా కాస్త మెరుస్తూ ఉండాలి.
4. కొత్త మైక్రోబ్రష్‌తో బాండింగ్‌ను 20 సెకన్లు రుద్దండి. రంగు వేసినట్టు పూయడం కాదు, వేలితో పసుపు రుద్దినట్టు రుద్దాలి. మధ్యలో బ్రష్‌ను మళ్లీ ముంచండి.
5. ఇప్పుడు గాలి. ముందు ఒక అడుగు దూరం నుంచి మెల్లగా, తర్వాత దగ్గరగా. ద్రవంలో అలలు ఆగిపోయేదాకా. సెకన్లు లెక్కపెట్టుకోవడం కన్నా అలలను చూడడం మేలు. సాధారణంగా 5 నుంచి 10 సెకన్లు పడుతుంది.
6. బాక్స్ (పన్ను పక్కవైపు తవ్విన గుంత) మూలల్లో ద్రవం గుంట కట్టి ఉంటే పొడి మైక్రోబ్రష్‌తో అద్ది తీసేయండి, గాలి మళ్లీ ఇవ్వండి.
7. 20 సెకన్లు లైట్ (బాండింగ్‌ను గట్టిపరిచే నీలి వెలుగు). లేబుల్ పది అన్నా ఇరవై ఇవ్వండి.

ఐదో అడుగులోనే ఎక్కువమంది తప్పిపోతారు. గాలి ఒక్కసారిగా దగ్గర నుంచి కొడితే బాండింగ్ గోడల మీదికి చిమ్మి అడుగున ఒట్టి చోటు మిగులుతుంది. మరీ దూరం నుంచి మెల్లగా కొట్టి వదిలేస్తే నీరు, ఎథనాల్ పొరలోనే చిక్కుకుంటాయి. లైట్ పడగానే వాటిని లోపల పెట్టి తలుపు వేసినట్టే. గాజు పలక మీద ఒక చుక్క వేసి సాధన చేయండి: గాలి ఇస్తూ ఉంటే మొదట అలలు పరుగెత్తుతాయి, తర్వాత నెమ్మదిస్తాయి, చివరికి గాలి తగిలినా కదలని మెరిసే పొర మిగులుతుంది. ఆ మూడో స్థితి కళ్లకు పట్టుబడితే సగం పని వచ్చినట్టే.

లేబుల్ చెప్పని ఒక అడుగు ఉంది: పైన నీటిని ఇష్టపడని రెసిన్ పొర ఒకటి. ఒకే సీసా బాండింగ్‌లో యాసిడ్ మోనోమర్, నీరు, చాలావాటిలో హీమా అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి అది గట్టిపడ్డాక కూడా నీటిని దాటనిచ్చే తెరలాగే ఉంటుంది. డెంటిన్ లోపలి తేమ దాంట్లోంచి పైకి చెమ్మగిలుతుంది. రెండు సీసాల కిట్‌లో వచ్చే ద్రావకం లేని రెండో సీసాను ఆ పొర మీద పల్చగా పూసి మళ్లీ లైట్ ఇస్తే ఆ తెర మూసుకుంటుంది. అదనంగా పట్టేది ఒక నిమిషం లోపే. రెండు సీసాల సెల్ఫ్-ఎచ్ వాడేవారికి ఇది పద్ధతిలోనే ఉంది. ఆ తరహా సీసాలకు అంత మంచి పేరు రావడానికి అదొక కారణం.

డెంటిన్‌నూ ఎచ్ చేసే పాత పద్ధతి వాడేవారైతే

డెంటిన్ మీద 15 సెకన్లు, అంతకు మించి వద్దు. కడిగాక గాలి కొట్టకండి. దూదితోనో, పొడి మైక్రోబ్రష్‌తోనో అద్దండి. అతిగా ఆరితే కొల్లాజెన్ జల్లెడ ఎండిన ఆకులా కుంచించుకుపోతుంది, రెసిన్ దిగదు. ఆ పేషెంటే మర్నాడు ఫోన్ చేసి "నమిలితే జివ్వుమంటోంది" అనేది. పొరపాటున ఆరిపోతే తడి మైక్రోబ్రష్‌తో మళ్లీ తడిపి అద్దండి. అతిగా తడి ఉంటే రెసిన్ నీటిలో బుడగలుగా విడిపోతుంది. అసిటోన్ సీసాకు తడి ఎక్కువ కావాలి, ఎథనాల్, నీరు ఉన్నవి కాస్త తేడాను సర్దుకుంటాయి.

ఎచ్ చేసి అద్దిన తర్వాత 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌ను 30 నుంచి 60 సెకన్లు పట్టించి, కడగకుండా అద్ది, ఆపై బాండింగ్ పూసే అలవాటు చాలామందికి ఉంది. ఎంఎంపీలను అది అణచిపెడుతుంది. లేబొరేటరీలో పట్టు ఎక్కువకాలం నిలిచినట్టు తేలింది, నోట్లో చేసిన పరీక్షల్లో అంత స్పష్టమైన తేడా కనబడలేదు. చేస్తే నష్టం లేదు. దాన్ని నమ్ముకుని గాలి, లైట్ అడుగుల్లో అశ్రద్ధ చేయడమే నష్టం. పుక్కిలించే మౌత్‌వాష్ 0.2 శాతమే, పైగా రుచులు, రంగులు కలిపి ఉంటాయి. దాన్ని కేవిటీలో పెట్టకండి.

గార పళ్లు, పళ్లపొడి పళ్లు

బెంగళూరు తెలుగు డాక్టరు దగ్గరికి కోలారు, చింతామణి, పావగడ, అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. బోరునీటి ఫ్లోరైడ్ మచ్చలు ఉన్న పళ్ల పైపొర ఎనామిల్ యాసిడ్‌కు మొండిగా ఉంటుంది, దాని కింద మాత్రం గుల్లగా ఉంటుంది. ఇక్కడ ఒక మోసం: మామూలు పన్నులో ఎచింగ్ అయిందని తెలిపేది సుద్ద తెలుపు. ఫ్లోరోసిస్ పన్ను ఎచ్ చేయకముందే సుద్దలా ఉంటుంది. కన్ను "అయింది" అంటుంది, ఎనామిల్ మాత్రం నున్నగానే ఉంటుంది. అందుకని ఫైన్ డైమండ్‌తో పైపొరను తేలిగ్గా గీరి, మెరుపు పోయాక ఎచ్ చేయండి. సమయం 30 నుంచి 60 సెకన్లకు పెంచండి, అదీ ఎనామిల్ మీద మాత్రమే. కడిగి ఆరబెట్టాక మిర్రర్ కోణం మార్చి చూడండి. ఎక్కడైనా మెరుపు మిగిలితే అక్కడ మళ్లీ. ఇలాంటి ఎనామిల్ మీద ఎచ్ లేకుండా ఒట్టి సెల్ఫ్-ఎచ్ పూయడం వృథా.

గరుకు పళ్లపొడితో ఏళ్ల తరబడి అడ్డంగా రుద్దిన పళ్లలో చిగురు దగ్గర పడే నొక్కులు ఇంకో రకం. అక్కడి డెంటిన్ పసుపు గాజులా మెరుస్తుంది, గొట్టాలు ఖనిజంతో పూడుకుపోయి ఉంటాయి. రెసిన్ దిగడానికి దారి లేదు. ఫైన్ డైమండ్‌తో ఆ మెరుపును తీయాలి, పైవైపు ఎనామిల్‌కు చిన్న వాలు (బెవెల్) ఇచ్చి ఎచ్ చేయాలి, చిగురును పక్కకు నెట్టే దారం (కార్డ్) పెట్టాలి. అంచు వేరు మీదే ఉంటే ఈ నొక్కులకు గ్లాస్ అయనోమర్ కాంపోజిట్ కన్నా బాగా నిలుస్తుంది. కాస్త మెరుపు తక్కువని పేషెంట్‌కు ముందే చెబితే చాలు.

లైట్ దగ్గర

కనీసం నెలకోసారి లైట్‌ను దాని బలం కొలిచే రేడియోమీటర్ మీద పెట్టి చూడండి. చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్ల చుట్టూ ఉంటే సుఖం, 400 లోపు పడిపోతే ఆ లైట్‌ను పక్కన పెట్టండి. పడిపోవడానికి మామూలు కారణం మొన మీద అంటుకుని గట్టిపడిన కాంపోజిట్ ముక్క, లేదా ముడతలు పడ్డ ప్లాస్టిక్ తొడుగు.

దవడ పన్ను బాక్స్ అడుగుకూ లైట్ మొనకూ మధ్య 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అక్కడికి చేరే వెలుగు చాలా తగ్గుతుంది. మొదట చెప్పుకున్న ఆ గోధుమ గీత పుట్టేది సరిగ్గా అక్కడే. కాబట్టి అడుగు పొరకు, బాండింగ్‌కు కూడా, రెట్టింపు సమయం ఇవ్వండి. వేడి ఎక్కకుండా మధ్యలో ఆపి గాలి తగలనివ్వండి. మొనను నిటారుగా పట్టుకోండి. పట్టుకున్నది మీరైనా, అసిస్టెంట్ అయినా, ఆరెంజ్ అద్దాలు పెట్టుకుని వెలుగు ఎక్కడ పడుతోందో చూస్తూ ఉండాలి. గోడ వైపు తల తిప్పుకుని పట్టుకుంటే వెలుగు చెంపకు పడుతుంది.

అడుగున అర మిల్లీమీటరు ఫ్లోయబుల్ (పల్చగా పారే కాంపోజిట్), లైట్. ఆపై మామూలు కాంపోజిట్ అయితే 2 మిల్లీమీటర్ల పొరలు, ఎదురెదురు గోడలను ఒకే పొర కలపకుండా వాలుగా. మందపాటి పొరలుగా వేసే బల్క్-ఫిల్ అయితే లేబుల్ చెప్పినంత, సాధారణంగా 4 మిల్లీమీటర్లు. బ్యాండ్ తీశాక చెంప వైపు నుంచి, నాలుక వైపు నుంచి మరో 20 సెకన్ల చొప్పున. చివర గ్లిజరిన్ జెల్ పూసి ఒకసారి లైట్ ఇస్తే గాలి తగిలి జిడ్డుగా మిగిలే పైపొర కూడా గట్టిపడుతుంది.

మధ్యలో ఉమ్మి పడితే

ఎచ్ చేశాక ఉమ్మి తగిలితే కడిగి, ఆరబెట్టి, ఎనామిల్‌ను మళ్లీ పది సెకన్లు ఎచ్ చేయండి. బాండింగ్ పూసి లైట్ ఇవ్వకముందు తగిలితే కడిగి, ఆరబెట్టి, బాండింగ్ మళ్లీ మొదటి నుంచి. లైట్ ఇచ్చాక తగిలితే కడిగి, ఆరబెట్టి, బాండింగ్ ఇంకో పొర పూసి లైట్ ఇవ్వండి. పొడి గాజ్‌తో తుడిచేసి ముందుకు పోవడం మాత్రం వద్దు, ఉమ్మిలోని ప్రొటీన్ తుడుపుకు పోదు. రక్తం అయితే మొండిది. పైపొరను బర్‌తో గీరి మళ్లీ మొదలుపెట్టడమే.

అంచున గీత కనబడినప్పుడు

పాలిష్ చేశాక వెంటనే తెల్ల గీత కనబడితే అది అంచున ఎనామిల్ చీలినందువల్లో, పొడిగా వేడెక్కేలా పాలిష్ చేసినందువల్లో వస్తుంది. గీత మీద ఎచ్ చేసి, కడిగి, పల్చని రెసిన్ పాకించి లైట్ ఇస్తే సరిపోతుంది. ఏళ్ల తర్వాత గోధుమ గీత వస్తే మొత్తం తవ్వకండి. ఎక్స్‌రేలో లోపల పుచ్చు లేకపోతే ఆ భాగం వరకే తెరిచి, పాత కాంపోజిట్‌ను 50 మైక్రాన్ల అల్యూమినాతో గానీ ముతక డైమండ్‌తో గానీ గరుకు చేయండి. యాసిడ్‌తో శుభ్రం చేసి, మీ యూనివర్సల్ సీసాలో సైలేన్ (పాత కాంపోజిట్‌కు కొత్తది పట్టేలా చేసే ద్రవం) లేకపోతే విడిగా పట్టించి, బాండింగ్ పూసి పూడ్చండి. పాత ఫిల్లింగ్ కాగితంలో ఏ బాండింగ్, ఏ తేదీ, డ్యామ్ వేశారా లేదా అని ఒక్క లైను రాసి ఉంటే, ఈ గీత ఎందుకొచ్చిందో ఊహించాల్సిన పని ఉండదు.